చందమామలోని కుందేలు

పున్నమినాటి చంద్రునిలో కుందేలున్నదని మన పెద్దలు చెప్పిరి. చంద్రునికి శశాంకుడను నామము అందువలననే కలిగినది, శశమనగా కుందేలు. మృగాంకుడను మరియొక నామమునుబట్టి ఆ మచ్చలోనే లేడిని గాంచినవారును కలరని తెలియుచున్నది. బౌద్ధుల శశజాతకమున, అతిథి ఆకలి తీర్చుటకై తన దేహమునే అగ్నికి అర్పింపబోయిన కుందేటి రూపమును శక్రుడు చంద్రబింబముపై లిఖించెనని కలదు. చీనావారి కుందేలు ఔషధమును దంచుచుండును. ఐరోపావారు అచ్చటనే మనుష్యముఖమును గాంచిరి. గ్రీకు గ్రంథకర్త ప్లూటార్కు ఆ ముఖమును గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమునే రచించెను. తమిళనాట అవ్వ వడలు వండుచున్నదని పిల్లలకు చెప్పుదురు. అచ్చట స్థిరపడిన మన పిల్లలు ఇంట కుందేటిని, వీధిలో అవ్వను, ఒకే బింబమున చూడ నేర్తురు.

ఇంతకును అచ్చట నున్నదేమి? 1610లో గెలీలియో దూరదర్శినితో తాను చూచిన చంద్రుని పర్వతములను, పల్లములను వర్ణించి గ్రంథము ప్రకటించెను. నల్లని భాగములకు సముద్రములని పేరిడిరి గాని వానిలో నీరు లేదు. అవి పూర్వమెన్నడో పొంగి గడ్డకట్టిన లావా మైదానములు. 1959లో లూనా 3 నౌక చంద్రుని ఆవలివైపు ఛాయాచిత్రములను తీయగా, అచ్చట అట్టి మైదానములు మిక్కిలి తక్కువని తేలినది.

1976 జూలై 25న వైకింగు 1 నౌక తీసిన కుజగ్రహ చిత్రమొకదానిలోను ముఖము కానవచ్చెను. అది శిల్పమేయని వాదించినవారును కలరు. 1998లోను, 2001లోను లభించిన స్పష్టమైన చిత్రములలో అది గాలికి, కాలమునకు అరిగిన గుట్టయే.

ఈ చూపునకు కారణము మన మెదడులోనే కలదు. రెండు చుక్కలు, వాని క్రింద ఒక గీత యున్నచో చాలును, మనకు ముఖము తోచును. ముఖమువలె కనబడు వస్తువులను చూపినప్పుడు, ముఖములను గుర్తించు మెదడు భాగము సుమారు సెకనులో ఆరవ వంతు కాలముననే స్పందించునని 2009 నాటి పరిశోధనలో తేలినది. అనగా ఆలోచన కలుగుటకు ముందే చూపు నిర్ణయించుచున్నది. ఉన్న ముఖమును గుర్తింపకపోవుటకంటె, లేని ముఖమును ఊహించుటవలన కలుగు నష్టము స్వల్పము. కావున కొందరికి ఇట్టి రూపములు ఎక్కువగా తోచినను అది మతిభ్రమ కాదు.

రూపమును వెదకుట మానవులందరి స్వభావము. దానికి కుందేలని గాని, అవ్వయని గాని పేరిడునది మాత్రము ఇంటి భాష. దూరదర్శిని వచ్చి నాలుగు వందల యేండ్లు దాటినను మన కుందేలు చెదరలేదు. ఇంట ఆ కథ చెప్పువారు లేనినాడే అది మరుగుపడునని మేము తలంచుచున్నాము.