సైకిలును ఎక్కడ కట్టాలి: టాపు మీదా, వెనకా, లోపలా?



అమెరికాలో ఉండే మన పిల్లలు కొందరు పికప్ ట్రక్కు మీద చిన్న గది లాంటి క్యాంపర్ పెట్టుకొని ఊళ్ళు తిరుగుతున్నారు. దానికి సైకిళ్ళు కట్టే స్టాండు ఏది మంచిది అని మన గ్రూపులో చర్చ నడిచింది. బండి మీద బండిని ఎక్కించే ఈ పని మన గుడియాత్తం, వేలూరు జనానికి బాగా తెలిసినదే. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చింది. అందుచేత ఇంట్లో మాట్లాడినట్టే రాస్తాము.

1856 జూలై 1న రాయపురం నుండి వాలాజా రోడ్డుకు రైలు మొదలైంది. ఆ లైనే తరవాత పడమటికి సాగి కాట్పాడి, గుడియాత్తం మీదుగా జోలార్‌పేట చేరింది. దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనక చక్రానికి గొలుసు ఉన్న సైకిలును ఇంగ్లండులో స్టార్లీ 1885లో అమ్మకానికి తెచ్చాడు. అంటే మన జిల్లాలో రైలు తిరిగిన 29 ఏళ్ళకు గాని ఆ సైకిలు పుట్టలేదు. గుడియాత్తం స్టేషనేమో ఊరికి దూరం. అందువల్ల ఈ రెండిటికీ చుట్టరికం కుదిరింది. అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ వారు 1951 నుండి హెర్క్యులిస్ తయారు చేయడం మొదలుపెట్టాక మామూలు సంసారులు కూడా సైకిలు కొన్నారు. కైలీలు నేసేవాళ్ళకు అది వాహనం కాదు, ఇంటి ఎద్దు. నూలు తెచ్చేది దాని మీదే, నేసిన కట్టలు ఇచ్చి వచ్చేది దాని మీదే.

ఈ ఎద్దును వేలూరికి తీసుకుపోవాలంటే రైలులో బ్రేక్ వాను ఉండేది. సైకిలుకు ఉచిత లగేజీ వర్తించదు, కూలి కట్టాల్సిందే. బండి బయలుదేరే అరగంట ముందు బుకింగుకు తేవాలి. పేరు, దిగే స్టేషను రాసిన చీటీ సైకిలుకు కట్టాలి. మా ఉద్యోగంలో చూసింది చెప్తున్నాము, చీటీని హ్యాండిల్‌కు ఒక్కచోటే కట్టినవాళ్ళు దిగాక వెతుక్కునేవాళ్ళు. తెలిసినవాళ్ళు సీటు కింద ఇంకొకటి కట్టేవాళ్ళు. కాట్పాడిలో దిగితే పాలారు వంతెన దాటి వేలూరు దాకా తొక్కుకుంటూ పోవచ్చు. ఆసుపత్రిలో మనిషిని పెట్టుకొని పది రోజులు తిరగవలసిన కుటుంబానికి ఆ సైకిలు ఎంత పొదుపో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. అదే తిరువణ్ణామలై వైపు పోవాలంటే అప్పట్లో కాట్పాడిలో పెద్ద గేజి వానులో నుండి దించి మీటర్ గేజి వానులోకి ఎక్కించాల్సి వచ్చేది. ఎక్కించి దించే ప్రతిసారీ పెడలో, మడ్‌గార్డో వంగేది. దారిలో కంటే చేతులు మారేటప్పుడే సైకిలు ఎక్కువ దెబ్బ తింటుంది.

బస్సు కథ వేరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడి మన ఉత్తర ఆర్కాడు నుండి విడిపోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక చిత్తూరు పరరాష్ట్రం అయిపోయింది. కాని పిల్లనిచ్చిన ఇళ్ళు, తెచ్చుకున్న ఇళ్ళు ఎక్కడికి పోతాయి? పరదరామి మీదుగా చిత్తూరు రోడ్డులో బస్సు దిగితే చుట్టాల పల్లె ఇంకా లోపల ఉంటుంది. సైకిలు బస్సు టాపు మీద ఉంటే ఆ చివరి దూరం నడక తప్పుతుంది.

టాపు మీద కట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఒకడు వెనక నిచ్చెన ఎక్కాలి, ఇంకొకడు కింద నుండి అందించాలి. మన పాత సైకిలు ఇరవై కిలోల దాకా తూగుతుంది. హ్యాండిల్ బోల్టు వదులు చేసి పక్కకు తిప్పి, గొలుసు వైపు పైకి ఉండేటట్టు పడుకోబెట్టాలి. తాడు చక్రం పుల్లలకు కాదు, ఫ్రేముకు వేయాలి. నిలబెట్టి కడితే చింతచెట్టు కొమ్మ వదలదు.

ఇప్పుడు క్యాంపర్ సంగతి చూడండి. ఆ గది ఎత్తు పది అడుగుల పైమాట. పైన కడితే చింతకొమ్మకు బదులు పెట్రోలు బంకు కప్పు తగులుతుంది, రోజూ ఎక్కించి దించడం నడుముకు శిక్ష. గది వెనక గోడకు ఉండే నిచ్చెన మనిషి ఎక్కడానికి పెట్టింది. దాని మరలు పలచని గోడలో ఉంటాయి, సైకిళ్ళ ఊపును అవి తట్టుకోవు. మిగిలింది ట్రక్కు ఛాసిస్‌కు బిగించిన హిచ్. గది వెనకకు పొడుచుకొని ఉంటుంది కాబట్టి హిచ్‌కు పొడుగు గొట్టం అతికించాలి. అక్కడే కష్టం. నాలుగు అడుగుల దూరంలో ఉన్న బరువు రెండు అడుగుల దూరంలోని బరువు కంటే రెండింతలు తిప్పుతుంది, గుంతలో పడితే ఇంకా ఎక్కువ. అందుచేత స్టాండు మీద రాసిన బరువును చూసి మోసపోకూడదు. పొడుగు గొట్టం వేస్తే ఎంత తగ్గించుకోవాలో అడగాలి. బ్యాటరీ సైకిలైతే పాతిక కిలోలు దాటవచ్చు, బ్యాటరీ ఊడదీసి లోపల పెట్టాలి. నంబరు ప్లేటు, వెనక లైట్లు కనపడాలి. గది తలుపు తెరుచుకోవాలి. ఇది మరచిపోయి కొన్నవాళ్ళు రాత్రి నిద్ర పోవాలంటే ముందు సైకిళ్ళు దించాలి! మా మాట అడిగితే, రెండే సైకిళ్ళు, చక్రాలను కింద నుండి మోసే పళ్ళెం రకం స్టాండు, పక్కకు తిరిగేది.

అక్కడ డబ్బు పెడితే చోటు దొరుకుతుంది. ఇక్కడ బస్సు టాపు మీద కేరియర్ పోయింది, వెనక నిచ్చెన పోయింది. గుడియాత్తంలో రైలు ఆగేది నిమిషమో రెండు నిమిషాలో, ఆ లోపల బ్రేక్ వాను దాకా సైకిలు తోసుకుంటూ పరుగెత్తేవాళ్ళు ఎవరు? ప్రభుత్వం ప్లస్ వన్ పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇస్తున్నది, సంతోషం. పొద్దున స్టేషను స్టాండులో పూట అద్దెకు పెట్టి తాళం వేస్తారు. కాట్పాడిలో దిగి షేర్ ఆటోకు నిలబడతారు.