పట్టమునకు ముందే పరిశోధన

పరిశోధన పట్టము పొందిన పిమ్మట ఆరంభింపవలసిన పని యని మనలో పలువురము తలచుచుందుము. చరిత్ర యందుకు భిన్నమైన నిదర్శనములను చూపుచున్నది.

1928లో జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ మద్రాసునకు వచ్చెను. పరమాణు నిర్మాణమును గూర్చిన ఆయన గ్రంథమును స్వయముగా చదివియున్న ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థి సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ధైర్యము చేసి ఆయన బసకు పోయెను. అతడు నేర్చిన భౌతికశాస్త్రము అప్పటికే పాతబడినదని ఆచార్యుడు చెప్పెను. చెప్పి ఊరకుండక, ఇంకను ప్రకటింపబడని తన వ్యాసపు ప్రూఫులను చేతికిచ్చెను. ఆ దారిని పట్టి చంద్రశేఖర్ క్రొత్త సిద్ధాంతమును అభ్యసించి, తానొక వ్యాసము వ్రాసి, కేంబ్రిడ్జిలోని రాల్ఫ్ ఫౌలర్‌కు పంపెను. అది 1929లో రాయల్ సొసైటీ పత్రికలో వెలువడెను. అప్పటికి ఆయనకు పట్టము రాలేదు! 1930లో కేంబ్రిడ్జి చేరినప్పుడు ఆ ఫౌలరే ఆయనకు గురువయ్యెను. 1983లో నోబెల్ బహుమానము లభించెను.

ఇట్టి కలయిక అందరికిని లభింపదు. దానిని అదృష్టమునకు విడువక, 1969లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు మార్గరెట్ మెక్‌వికర్, పట్టమునకు చదువుచున్న విద్యార్థులు ఆచార్యుల పరిశోధనలలో పాల్గొను ఏర్పాటును నెలకొల్పిరి.

ఏర్పాటు ఉన్నను లేకున్నను, ఆచార్యుని రచనలు చదివి, ఒక ప్రశ్నతో ఆయన కడకు పోవలసినవాడు విద్యార్థియే. కళాశాలకు పోవు మన బిడ్డలకు ఈ మాట చెప్పుదము.