బల్ల పోయింది, బంతి పోయింది, ఆట మిగిలింది

పోస్ట్ పెద్దగనే ఉంటది, తిన్నంక తీరిగ్గా చదువుకోండి.

మొన్న మన గ్రూపులో ఒక వీడియో తిరిగింది కదా. ఒకాయన కండ్లకు నల్లడబ్బా కట్టుకొని, ఖాళీ గదిలో చెయ్యి అటూ ఇటూ ఊపుతుంటడు. ముందట బల్ల లేదు, బంతి లేదు, అవతల మనిషి లేడు. కింద మనోళ్లు "దేవుడు పూనిండు", "కొబ్బరికాయ కొట్టండి" అని ఒకటే నవ్వుడు. నేనూ నవ్విన. ఆయన ఆడుతున్నది టేబుల్ టెన్నిస్, వీఆర్ లో. ఆ నవ్వుల మధ్యల ఒక తమ్ముడు రాసిన మాట మాత్రం నా మనసుల పడ్డది: "ఇవి పైసలున్నోళ్ల ఆటలు, మనకెందుకన్నా?"

ఆ తమ్ముడికి ఒక్క లైన్ లో జవాబు రాదు. అందుకే ఈ ఆట ఎక్కడ పుట్టి, ఎట్లా ఆ నల్లడబ్బాలోకి చేరిందో రాస్తున్న. చదువుతుంటే నాకు ఒక సంగతి కనబడ్డది. ఈ ఆటలో నుంచి ఒక్కో వస్తువును తీసేసుకుంట వచ్చిన్రు. తీసేసిన ప్రతిసారి కొత్తోళ్లకు ఒక తలుపు తెరుచుకున్నది. ఆ వెంటనే ఎవరో ఒకరు వచ్చి దానికి తాళం కూడా వేసిన్రు.

పుట్టింది ఇంగ్లండ్ లో, 1880లు, 90లలో. అక్కడ గడ్డి మైదానంలో టెన్నిస్ ఆడేటోళ్లు. చలికాలం, వానకాలం బయటికి పోలేరు. రాత్రి భోజనాలైనంక అన్నం తిన్న బల్ల మీదనే ఆట పెట్టుకున్నరు. మధ్యలో పుస్తకాలు వరుసగా నిలబెడితే అదే నెట్. చుట్టల పెట్టె మూత బ్యాట్. సీసా బిరడాను గుండ్రంగా చెక్కితే బంతి. ఇది చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. మన హాస్టళ్లలో చేసేది ఇదే కదా! రెండు స్టడీ టేబుళ్లు కలిపి, మధ్యలో నోట్ బుక్కులు నిలబెట్టి, ఎగ్జామ్ ప్యాడ్లతో కొడతరు. మన జూనియర్లలో ఎవ్వరూ ఇంగ్లండ్ చరిత్ర చదవలేదు. ఆడాలని బుద్ధి పుట్టి, సామాను లేకపోతే, ఎక్కడి మనిషైనా చేసేది అదే. అయితే ఆ దొరలకు పెద్ద భోజనం బల్ల ఉండె, మనకు ఊగే స్టడీ టేబుల్ ఉన్నది, అంతే తేడా.

1900 ప్రాంతంలో జేమ్స్ గిబ్ అనే ఆయన అమెరికా నుంచి సెల్యులాయిడ్ బంతులు తెచ్చిండు. దాంతో ఆట ఊపందుకున్నది. ఆ బంతి చప్పుడును బట్టే "పింగ్ పాంగ్" అన్నరు. ఇక్కడే మొదటి తాళం. జాక్స్ అనే కంపెనీ ఆ పేరును ట్రేడ్ మార్క్ చేసుకొని, అమెరికా హక్కులను పార్కర్ బ్రదర్స్ అనే కంపెనీకి అమ్మింది. చప్పుడుకు కూడా పట్టా చేయించుకున్నరన్నమాట! మిగతావాళ్లు "టేబుల్ టెన్నిస్" అనే పేరుతోనే నడిపించుకోవాల్సి వచ్చింది. 1926లో అంతర్జాతీయ సంఘం ఏర్పడ్డది, అదే ఏడాది చివర లండన్ లో మొదటి ప్రపంచ పోటీలు జరిగినయి. ఇండియా జట్టు కూడా అందులో ఉన్నది. బల్ల 9 అడుగుల పొడుగు, 5 అడుగుల వెడల్పు అని రూల్స్ స్థిరపడ్డంక, తిన్న బల్ల మీది ఆట హాలులోకి పోయింది. హాలు ఉన్నోళ్లకే ఆట.

తర్వాత సంగతి మన దేశంలోనే జరిగింది. 1952లో ప్రపంచ పోటీలు బొంబాయిలో పెట్టిన్రు. ఆసియాలో అవి జరగడం అదే మొదటిసారి. జపాన్ నుంచి హిరోజీ సాతో అనే ఆటగాడు వచ్చిండు. ఆయన మీద ఎవరికీ పెద్ద అంచనా లేదు. కానీ ఆయన బ్యాట్ కు అందరి లాగా బుడిపెల రబ్బరు లేదు, మందపాటి స్పాంజి అతికించి ఉన్నది. అప్పటిదాకా పెద్ద పెద్ద ఆటగాళ్లు కండ్లతో ఎంత ఆడేటోళ్లో చెవులతో అంత ఆడేటోళ్లు. అవతలోడు కొట్టినప్పుడు వచ్చే "టక్" చప్పుడును బట్టి బంతి ఎంత వేగంగా వస్తది, ఎంత తిరుగుతది అని పసిగట్టేటోళ్లు. స్పాంజి బ్యాట్ కు చప్పుడు లేదు. బంతి స్పాంజిలోకి దిగి, ఊహించని వేగంతో బయటికొచ్చేది. ఒక్కొక్కరే ఓడిపోయిన్రు. ఫైనల్లో హంగేరీ ఆటగాడు కోజియాన్ ను ఓడించి సాతో ప్రపంచ చాంపియన్ అయిండు. ఆటలో నుంచి చప్పుడును తీసేసి గెలిచిండు ఆయన. తర్వాత ఏండ్ల తరబడి పంచాయితీ నడిచి, 1959లో బ్యాట్ కు అతికించే రబ్బరు, స్పాంజి మందం మీద హద్దు పెట్టిన్రు. ఈ చప్పుడు సంగతి గుర్తుపెట్టుకోండి, వీఆర్ దగ్గర మళ్లీ పని పడతది.

1971లో అమెరికా ఆటగాళ్లు చైనాకు పోవడం, దాని తర్వాత నిక్సన్ పోవడం, అది చాలామందికి తెలిసిన కథే. గ్రూప్స్ కు చదివేటోళ్లు "పింగ్ పాంగ్ దౌత్యం" అని రాసుకునే ఉంటరు.

ఇప్పుడు బంతి పోయిన కథ. 1958లో అమెరికాలోని బ్రూక్ హేవెన్ పరిశోధనశాలలో విలియం హిగిన్ బోథమ్ అనే శాస్త్రవేత్త, చూడటానికి వచ్చే జనం కోసం ఒక ఆట తయారు చేసిండు. చిన్న ఆసిలోస్కోప్ తెర మీద ఒక వెలుగు చుక్క, మధ్యలో నిలువు గీత నెట్. ఆ చుక్క గాలిలో ఎట్లా వంగుతది, ఎట్లా ఎగురుతది అని లెక్క కట్టింది ఒక అనలాగ్ కంప్యూటర్. అట్లాంటి మిషన్లతో క్షిపణి దారి కూడా లెక్క కట్టేటోళ్లు. ఈయన అంతకుముందు అణుబాంబు పనిలో ఉన్న మనిషి, తర్వాత అణ్వాయుధాలు పెరగొద్దని పనిచేసిండు. జనం లైన్ కట్టి ఆడిన్రు. ఆయన దానికి పేటెంట్ తీసుకోలేదు.

పేటెంట్ తీసుకున్నాయన వేరే. రాల్ఫ్ బేర్. ఈయన గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే మనం తెలుసుకోవాల్సిన మనిషి. జర్మనీలో యూదు కుటుంబంలో పుట్టిండు. నాజీల కాలంలో యూదుడని చెప్పి చిన్నప్పుడే బడి నుంచి వెళ్లగొట్టిన్రు. 1938లో కుటుంబంతో అమెరికా చేరిండు. ఫ్యాక్టరీలో పని చేసుకుంట, పోస్టు ద్వారా రేడియో రిపేర్ కోర్సు చదివిండు. తర్వాత ఇంజినీర్ అయిండు. 1966లో న్యూయార్క్ లో ఒక బస్టాండ్ దగ్గర ఎదురుచూస్తుంటే, టీవీ మీద ఆట ఆడితే ఎట్లుంటది అని ఆలోచన వచ్చింది. కాగితం మీద గీసుకున్నడు. 1966 సెప్టెంబర్ 1న దాన్ని నాలుగు పేజీలుగా రాసి తేదీ వేసి పెట్టుకున్నడు. తోటి పనివాళ్లతో కలిసి 1967 కల్లా తెర మీద పింగ్ పాంగ్ ఆడించిండు. అదే 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీ పేరుతో అమ్మకానికి వచ్చింది. దాంట్లో స్కోర్ కూడా కనబడదు, కాగితం మీద రాసుకోవాలె.

అదే 1972లో అటారీ కంపెనీ "పాంగ్" తెచ్చింది. అలెన్ ఆల్కార్న్ అనే కుర్ర ఇంజినీర్ కు శిక్షణ కోసం ఇచ్చిన పని అది. ఆయన తెలివి చూడండి: తెర మీది బ్యాట్ ను ఎనిమిది ముక్కలుగా విడగొట్టి, బంతి ఏ ముక్కకు తగిలితే ఆ కోణంలో తిరిగి పోయేటట్టు చేసిండు. సన్నీవేల్ అనే ఊళ్లో ఒక బారులో మిషన్ పెట్టిన్రు. కొన్నాళ్లకు ఆగిపోయిందని ఫోన్ వచ్చింది. పోయి చూస్తే, నాణేల డబ్బా నిండిపోయి పని చేస్తలేదట.

పేరంతా పాంగ్ కు పోయింది. బేర్ ఊరుకోలేదు, మాగ్నవాక్స్ కేసు వేసింది. కోర్టులో పనికొచ్చింది రెండు కాగితాలు. ఒకటి, బేర్ తేదీ వేసి దాచుకున్న ఆ పేజీలు. రెండోది, 1972 మే నెలలో ఒడిస్సీని చూపించిన ప్రదర్శనకు వచ్చినోళ్ల సంతకాల పుస్తకం. దాంట్లో అటారీ పెట్టిన నోలన్ బుష్నెల్ సంతకం ఉన్నది! అటారీ 1976లో రాజీకి వచ్చి లైసెన్స్ తీసుకున్నది. కాగితం లేకపోతే ఏమైతదో పోడు భూముల పట్టాల కోసం తిరిగిన మన తాతలను అడగండి. సాగు చేసింది నువ్వే అని ఊరంతా చెప్పినా, తేదీ ఉన్న కాగితం ఏదీ అంటరు. హిగిన్ బోథమ్ రాసుకోకపోయినా ఆయనకు ఉద్యోగం ఉన్నది, పరిశోధనశాల ఉన్నది. బేర్ లాంటోడికి కాగితమే అండ.

ఇక నల్లడబ్బా సంగతి. తలకు పెట్టుకునే తెరను 1968లోనే ఇవాన్ సదర్ల్యాండ్ తన విద్యార్థులతో కలిసి తయారు చేసిండు. అది ఎంత బరువంటే, పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. తర్వాత చాలా ఏండ్లు అది ల్యాబులలోనే ఉన్నది. 2012లో పామర్ లక్కీ అనే యువకుడు ఓకులస్ కోసం జనం దగ్గర చందాలు పోగు చేసిండు. 2014లో ఫేస్ బుక్ దాన్ని సుమారు 200 కోట్ల డాలర్లకు కొన్నది. 2016లో "ఎలెవెన్ టేబుల్ టెన్నిస్" అనే వీఆర్ ఆట వచ్చింది. అప్పుడు దానికి ఖరీదైన కంప్యూటర్ కావాలె, తల నుంచి వైరు వేలాడాలె. 2019లో వైరు లేని క్వెస్ట్ వచ్చింది, 2020లో ఈ ఆట అందులోకి చేరింది. సరిగ్గా కరోనా కాలం. హాళ్లన్నీ మూసిన టైంలో ఎంతోమంది ఇంట్లోనే ఆడుకున్నరు.

ఇన్ని ఆటలుండగా వీఆర్ లో టేబుల్ టెన్నిస్ ఎందుకు అంత బాగా కుదిరింది? ఇది నాకు మస్తు నచ్చిన పాయింట్. బంతి బరువు 2.7 గ్రాములు. ఒక రూపాయి బిళ్ల కన్నా తక్కువ. కొట్టినప్పుడు చేతికి తగిలే దెబ్బ చాలా చిన్నది, కంట్రోలర్ లోపల చిన్న మోటారు వణికితే చాలు, మెదడు నమ్మేస్తది. క్రికెట్ అట్ల కాదు. అక్కడ బంతి 160 గ్రాముల దగ్గర ఉంటది, ఆ దెబ్బను వణుకుడుతో ఇవ్వలేరు. కబడ్డీ అయితే అసలే కుదరదు, మనిషిని మనిషి పట్టుకోవాలె. టేబుల్ టెన్నిస్ లో అవతలి మనిషిని ముట్టుకునే పని లేదు, గదిలో కొంచెం ఖాళీ చోటు ఉంటే చాలు, చేతిలో ఎప్పుడూ ఒక పిడి ఉంటది. కంట్రోలర్ కూడా పిడే.

పనిచేసే తీరు ఇట్లుంటది. హెడ్ సెట్ మీది కెమెరాలు కంట్రోలర్ లో ఉండే, మన కంటికి కనబడని ఇన్ఫ్రారెడ్ లైట్లను చూసి చెయ్యి ఎక్కడుందో లెక్క కడతయి. బంతి వేగం, తిరుగుడు, గాలిలో వంగుడు అంతా ప్రోగ్రామ్ లెక్కనే, హిగిన్ బోథమ్ చుక్కకు పెద్ద తమ్ముడన్నమాట. తల తిప్పినంక బొమ్మ మారడానికి 20 మిల్లీసెకండ్లు దాటితే కండ్లు తిరుగుతయి అంటరు. ఇక్కడ సాతో గుర్తుకొస్తడు. ఆయన తీసేసిన "టక్" ను వీఆర్ చేసినోళ్లు మళ్లీ తెచ్చి పెట్టిన్రు. వణుకుడు, చప్పుడు, బొమ్మ మూడూ ఒకే క్షణంలో రావాలె. ఒకటి వెనకబడితే చేతిలో ప్లాస్టిక్ ముక్క ఉందని తెలిసిపోతది.

మా కాలేజీలో ఒక రోజు డెమో పెడితే, తలా మూడు నిమిషాలు ఇచ్చిన్రు. నా ముందు ఆడిన మా రూమ్మేట్ ఎగ్జామ్ ప్యాడ్ ఆటలో మొనగాడు. నాలుగు బంతులు పోయినంక ఐదోది నుంచి కొట్టుడు మొదలుపెట్టిండు. పాయింట్ గెలిచి, అలవాటు ప్రకారం బల్ల మీద చెయ్యి ఆనించబోయిండు. బల్ల ఉంటే కదా! ఇద్దరం పట్టుకున్నం కాబట్టి సరిపోయింది. వీఆర్ లో ఇట్ల పడ్డోళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నరట.

ఇక ఆ తమ్ముడి ప్రశ్న. క్వెస్ట్ 2 అమెరికాలో 2020లో 299 డాలర్లకు వచ్చింది, అప్పటి లెక్కన 22 వేల దగ్గర. మామూలు టీటీ బల్ల కూడా ఇంచుమించు అంతే పడతది. కానీ ఒక బల్ల మీద రోజుకు నలభై మంది పిల్లలు ఆడుకుంటరు. హెడ్ సెట్ ఒక్కరి తలకే. పైగా మొదట్లో ఫేస్ బుక్ అకౌంట్ లేకపోతే క్వెస్ట్ 2 తెరుచుకునేదే కాదు, 2022లో ఆ రూల్ మార్చి కంపెనీ వేరే అకౌంట్ పెట్టింది. ఏ అకౌంటైనా తాళంచెవి కంపెనీ దగ్గరనే. ఇంకోటి, దాంట్లో జపాన్ వాడితో ఆడొచ్చు, జర్మనీ వాడితో ఆడొచ్చు, కోచ్ లేని మన ఊళ్లకు అది చిన్న విషయం కాదు. కానీ నెట్ కావాలె. మా ఊళ్లో సిగ్నల్ కోసం ఇప్పటికీ చింతచెట్టు కిందికి పోవాలె.

అందుకే నా మాట ఇది: పైసలున్నోళ్ల ఆట అని వదిలేయొద్దు, కానీ ముందు అడగాల్సింది బల్లనే. మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ 2024లో లాగోస్ లో డబ్ల్యూటీటీ కంటెండర్ సింగిల్స్ టైటిల్ గెలిచింది, మన దేశం ఆడపిల్లల్లో అదే మొదటిసారి. ఆమె ఆడింది నిజం బల్ల మీద, ఏండ్ల తరబడి. నాకు తెలిసిన ఒక హాస్టల్ లో, పేరు రాయను, బల్ల ఉన్నది. గదికి తాళం, బల్ల మీద బియ్యం బస్తాలు.

కామెంట్లలో రాయండి: మీ హాస్టల్ లో బల్ల ఉందా, నెట్ ఉందా, బ్యాట్లు ఎన్ని, గది తాళం ఎవరి దగ్గర ఉంటది, అమ్మాయిలను ఆడనిస్తరా. ఊహించి రాయకండి, పోయి చూసి రాయండి. తేదీ వేయండి, బల్ల ఫోటో పెట్టండి. వచ్చే నెల లిస్ట్ చేసి అందరి సంతకాలతో ఇద్దాం. ఒక కాపీ మన దగ్గర కూడా ఉంచుకుందాం.