446 బైట్లలో మొదలైన బూట్‌లోడర్ కథ

పాత ల్యాప్‌టాప్‌లోకి పప్పీ లినక్స్, టైనీ కోర్ లాంటి తేలికపాటి లినక్స్‌ను ఎక్కించాలనుకునే వారికి ఫైళ్లు కాపీ చేయడం పెద్ద పని కాదు. ముఖ్యమైనవి రెండు మూడే ఉంటాయి. అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. మీట నొక్కితే యంత్రం ఆ ఫైళ్లను తనంతట తాను వెతికి పట్టుకోవాలి. ఆ పని చేసే చిన్న ప్రోగ్రామే బూట్‌లోడర్. పీసీల్లో నలభై ఏళ్లు దాటిన దాని చరిత్రంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె, డిస్క్‌లో ఎక్కడుంది?

1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. మీట నొక్కగానే అందులో నడిచే బయోస్‌కు ఫైలంటే ఏమిటో తెలియదు. ఫ్లాపీలోని మొట్టమొదటి సెక్టార్‌ను, అంటే 512 బైట్లను, మెమరీలో 31,744వ బైటు దగ్గర పెట్టి పగ్గాలు దానికి అప్పగించడం వరకే దాని బాధ్యత. 32 కిలోబైట్ల మెమరీలో చివరి కిలోబైటు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఆ అంకె నేటికీ మారలేదు. బయోస్ పద్ధతిలో లేచే ప్రతి పీసీ మొదటి సెక్టార్‌ను ఇప్పటికీ అక్కడికే చేరుస్తుంది.

1983లో హార్డ్ డిస్క్‌తో పీసీ ఎక్స్‌టీ వచ్చింది. దానితోపాటు వచ్చిన డాస్ 2.0 డిస్క్‌ను భాగాలుగా, అంటే పార్టిషన్లుగా, పంచుకునే పద్ధతి తెచ్చింది. మొదటి సెక్టార్‌కు మాస్టర్ బూట్ రికార్డ్ అనే హోదా దక్కింది. నాలుగు పార్టిషన్ల వివరాలకు 64 బైట్లు, ఇది బూట్ సెక్టారేనని చెప్పే గుర్తుకు 2 బైట్లు పోగా ప్రోగ్రామ్‌కు మిగిలింది 446 బైట్లు. ఇప్పుడు మనం చదువుతున్న ఈ ఒక్క పేరా కూడా అందులో పట్టదు. అంత ఇరుకులో ఫైల్ సిస్టమ్‌ను చదివి అర్థం చేసుకునే ప్రోగ్రామ్ రాయడం చాలా కష్టం. బూట్‌లోడర్లు రెండు మూడు దశలుగా విడిపోవడానికి కారణం ఆ ఇరుకే.

1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టినప్పుడు విడిగా బూట్‌లోడరే లేదు. కెర్నల్ ముందు భాగంలోనే ఆయన రాసిన బూట్ సెక్టార్ ఉండేది. కెర్నల్‌ను ఫ్లాపీ మీదికి ఉన్నదున్నట్టు రాసేస్తే అదే లేచేది. ఈ సౌకర్యం చాలా కాలం నడిచి, 2.6 కెర్నల్‌తో ముగిసింది.

హార్డ్ డిస్క్ నుంచి లినక్స్‌ను లేపే పనిని 1992లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన లిలో చేతికెత్తుకుంది. లిలో పాత పోస్ట్‌మన్ లాంటిది: మనిషిని చూసి గుర్తుపట్టదు, ఇంటి నంబరు మాత్రం కంఠతా వచ్చు. కెర్నల్ ఫైలు డిస్క్‌లో ఏయే బ్లాకుల్లో ఉందో ముందుగానే ఒక పట్టీ రాసుకుని, బూట్ సమయంలో ఆ బ్లాకులను వరుసగా తెచ్చుకునేది. ఏ ఫైల్ సిస్టమ్ అయినా దానికి ఒకటే. అదే దాని బలం, అదే దాని బలహీనత. కెర్నల్‌ను మార్చి లిలో ఆదేశం మళ్లీ నడపడం మరిచిపోతే పట్టీలో పాత చిరునామాలే మిగిలిపోయేవి. మర్నాడు మీట నొక్కితే యంత్రం లేచేది కాదు.

అయినా లిలో తన కష్టాన్ని దాచుకునేది కాదు. ఒక్కో దశ దాటినప్పుడల్లా తన పేరులోని ఒక్కో ఇంగ్లీషు అక్షరాన్ని తెర మీద పెట్టేది. ‘ఎల్’ వస్తే మొదటి దశ నడుస్తున్నట్టు. ‘ఐ’ కూడా వస్తే రెండో దశ మెమరీలోకి చేరినట్టు. ఆ రెండు అక్షరాల దగ్గరే ఆగిపోతే, రెండో దశ చేరినా నడవలేకపోయిందని అర్థం. డిస్క్ కొలతల విషయంలో బయోస్‌కూ లిలోకూ లెక్క కుదరనప్పుడు ఎక్కువగా అలా జరిగేది.

ఆ లెక్కల తంటా ఆ తరం వారికి బాగా తెలుసు. పాత బయోస్ సిలిండర్ల సంఖ్యకు 10 బిట్లే కేటాయించింది కాబట్టి 1,024 సిలిండర్ల తర్వాత ఏముందో దానికి కనబడేది కాదు. ఎంత సర్దుకున్నా ఆ హద్దు సుమారు 8.4 గిగాబైట్ల దగ్గర ఆగింది. అందుకే డిస్క్ మొదట్లోనే చిన్న బూట్ పార్టిషన్ చేసుకోవడం అలవాటైంది. ఆల్మెస్‌బెర్గర్ తర్వాత లిలోను చూసుకున్న జాన్ కాఫ్‌మన్ 2000 ప్రాంతంలో ఆ హద్దును తొలగించాడు. 2015 చివర్లో లిలో అభివృద్ధి ఆగిపోయింది.

ఇదే కాలంలో ఇంకో దారి పడింది. 1994లో హెచ్. పీటర్ ఆన్విన్ సిస్‌లినక్స్ రాశాడు. డాస్, విండోస్ వాడే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌ను అది నేరుగా చదవగలదు. దాన్ని ఎక్కించిన ఫ్లాపీ మీద కెర్నల్‌నూ, ఒక చిన్న సెట్టింగుల ఫైలునూ కాపీ చేసుకుంటే చాలు. సీడీల కోసం ఐసోలినక్స్, లినక్స్ సొంత ఫైల్ సిస్టమ్‌ల కోసం ఎక్స్‌ట్‌లినక్స్ అదే కుటుంబంలో తర్వాత పుట్టాయి. తేలికపాటి లినక్స్‌లు చాలావరకు ఈ కుటుంబానికి రుణపడి ఉన్నాయి. లైవ్ సీడీల కాలంలో ముందుగా తెరుచుకున్నది ఎక్కువగా ఐసోలినక్స్ మెనూయే. ఆల్పైన్ లినక్స్ ఈనాటికీ బయోస్ యంత్రాల్లో దీన్నే నమ్ముకుంది.

1995లో ఎరిక్ బోలిన్ గ్రబ్ మొదలుపెట్టినప్పుడు ఆయన దృష్టి లినక్స్ మీద లేదు. యూటా విశ్వవిద్యాలయపు మాక్ 4 మైక్రోకెర్నల్ మీద గ్నూ హర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపాలన్నది ఆయన ప్రయత్నం. ముందు ఫ్రీబీఎస్డీ బూట్‌లోడర్‌ను మార్చి చూశాడు. దాన్ని సాగదీయడం కన్నా కొత్తది రాయడమే మేలని తేల్చుకున్నాడు. 1999లో గోర్డన్ మాట్జిగ్‌కైట్, యోషినోరి ఒకుజి దాన్ని గ్నూ అధికారిక ప్యాకేజీగా చేశారు. గ్రబ్ మొదటి దశ ఆ 446 బైట్లలో సర్దుకుంటుంది. మధ్య దశ మాస్టర్ బూట్ రికార్డ్‌కూ మొదటి పార్టిషన్‌కూ నడుమ పాత డిస్కుల్లో ఖాళీగా ఉండే 62 సెక్టార్లలో కూర్చుంటుంది. అక్కడి నుంచి ఫైల్ సిస్టమ్‌ను చదవడం మొదలవుతుంది. ఇక కెర్నల్ బ్లాకులు కంఠస్థం చేయక్కర్లేదు, ఫైలు పేరు చెబితే చాలు. మెనూలో తప్పు దొర్లినా అక్కడికక్కడే టైపు చేసి సరిదిద్దుకోవచ్చు. 2001లో రెడ్ హ్యాట్ 7.2 గ్రబ్‌ను మొదటి ఎంపికగా ఉంచింది, మిగతావారు క్రమంగా అదే బాట పట్టారు. స్లాక్‌వేర్ మాత్రం చాలా కాలం లిలోను వదల్లేదు.

తేలికపాటి లినక్స్‌ల కథ 2003 ప్రాంతంలో ఊపందుకుంది. డామ్ స్మాల్ లినక్స్ 50 మెగాబైట్లు దాటకూడదని నియమం పెట్టుకుంది. ఆస్ట్రేలియాలో బ్యారీ కౌలర్ 2003లో పప్పీ లినక్స్ విడుదల చేశాడు. డామ్ స్మాల్‌లో పనిచేసిన రాబర్ట్ షింగిల్‌డెకర్ టైనీ కోర్‌తో సిస్టమ్‌ను 10 మెగాబైట్ల ప్రాంతానికి కుదించాడు. వీటన్నిటి వెనుక ఉన్నది ‘ఫ్రూగల్’ పద్ధతి. సిస్టమ్‌ను డిస్క్ నిండా పరచకుండా, కుదించిన ఫైళ్లను ఒక ఫోల్డర్‌లో ఉంచి, బూట్ అయినప్పుడు మెమరీలోకి ఎత్తుకోవడం. విండోస్ ఉన్న పార్టిషన్‌లోనైనా ఒక మూల ఉండగలదు. దాంతో బూట్‌లోడర్ పని చాలా సులువైంది. మెనూలో పేరు ఒక వరుస, కెర్నల్ ఒక వరుస, ప్రారంభ మెమరీ డిస్క్ ఒక వరుస. పప్పీ వాడకందారులు విండోస్ పక్కన లేపుకోవడానికి గ్రబ్‌ఫర్‌డాస్ అనే బూట్‌లోడర్‌ను ఇష్టపడటానికి ఒక కారణం ఈ మూడు వరుసలే.

2012లో గ్రబ్ 2.00 వచ్చింది. శక్తి పెరిగింది, బరువూ పెరిగింది. సెట్టింగుల ఫైలును ఇప్పుడు స్క్రిప్టులు తయారుచేస్తాయి, అది చూస్తే కొత్తవారికి బెరుకు పుడుతుంది. నిజానికి అందులోనూ సారం ఆ మూడు వరుసలే. చేత్తో రాసుకున్నా గ్రబ్ 2 నిరభ్యంతరంగా నడుస్తుంది.

ఈలోగా బయోసే మారిపోయింది. ఇంటెల్ ఇటానియం యంత్రాల కోసం మొదలుపెట్టిన ఈఎఫ్ఐ, 2005లో యూఈఎఫ్ఐ ఫోరమ్ చేతికి వచ్చి యూఈఎఫ్ఐగా మారింది. ఈ ఫర్మ్‌వేర్‌కు ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ చదవడం వచ్చు. 446 బైట్ల ఇరుకు తీరింది, బూట్‌లోడర్ మామూలు ఫైలుగా ఫోల్డర్‌లో కూర్చుంది. 2012 నాటి 3.3 కెర్నల్ నుంచి లినక్స్ కెర్నలే ఈఎఫ్ఐ ప్రోగ్రామ్‌గా లేవగలదు. ఒక విధంగా ఇది 1991 నాటి పద్ధతికి తిరిగి రావడమే. అయితే అదే 2012లో విండోస్ 8తో వ్యాపించిన సెక్యూర్ బూట్, సంతకం లేని బూట్‌లోడర్‌కు తలుపు మూసింది. పెద్ద డిస్ట్రోలు (లినక్స్ పంపిణీలు) మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన షిమ్ అనే చిన్న బూట్‌లోడర్‌తో లోపలికి వెళ్లాయి. ఇద్దరు ముగ్గురు నడిపే చిన్న డిస్ట్రోల్లో చాలావాటికి ఆ దారి అందలేదు. వాటి కోసం సెక్యూర్ బూట్‌ను ఆపేయమనే చెబుతుంటారు.

ఈ చరిత్ర తెలిస్తే పని సగమైనట్టే. యంత్రం బయోస్‌దా, యూఈఎఫ్ఐదా ముందు తేల్చుకోవాలి. కొన్ని పాత ఆటమ్ యంత్రాల్లో ప్రాసెసర్ 64 బిట్లదైనా యూఈఎఫ్ఐ 32 బిట్లదే ఉంటుంది, దానికి 32 బిట్ల బూట్‌లోడరే కావాలి. మాస్టర్ బూట్ రికార్డ్‌ను ఒక డిస్క్ నుంచి మరొక దానికి కాపీ చేస్తే మొత్తం 512 బైట్లూ రాయకూడదు, పార్టిషన్ పట్టిక చెరిగిపోతుంది. పెన్‌డ్రైవ్ నుంచి టైనీ కోర్ లేవాలంటే యూఎస్‌బీ కోసం కొన్ని సెకన్లు ఆగమని కెర్నల్ వరుసలో చెప్పాలి. డిస్క్ పేర్లు యంత్రాన్ని బట్టి మారిపోతాయి కాబట్టి, పార్టిషన్‌ను దాని యూయూఐడీ అనే ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో పిలవడం క్షేమం.

2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు సాధారణ మద్దతు ఆపేసింది. కొత్త విండోస్ ఒప్పుకోని యంత్రాలు ఎన్నో మన ఇళ్లలో, బడుల్లో ఉన్నాయి. వాటిలో చాలావరకు బాగానే పనిచేస్తాయి. వాటిని మళ్లీ లేపడానికి కావలసింది ఒక పెన్‌డ్రైవ్, ఒక చిన్న డిస్ట్రో, చేత్తో రాయగల మూడు వరుసలు. కంప్యూటర్ నేర్పే ప్రతి బడిలో ఆ మూడు వరుసలు రాయడం పిల్లలకు నేర్పాలి. తమ యంత్రంలో ఏది లేవాలో నిర్ణయించుకునే హక్కు వాళ్లకు అక్కడి నుంచే మొదలవుతుంది.