పరుగు వేరు, పట్టు వేరు

ఇంట్లో కారు కొనాలన్న మాట మొదలైతే ఆడవాళ్ళ దాకా వచ్చే ప్రశ్నలు రెండే. రంగు ఏదైతే బావుంటుంది? నీ దగ్గర ఏమాత్రం సర్దుబాటవుతుంది? ఈ రెండింటికీ మధ్యనున్న అసలు సంగతి, అంటే బానెట్ కింద ఏముందన్నది, మగవాళ్ళు వీధి అరుగు మీద తమలో తాము తేల్చేసుకుంటారు. “పెట్రోలు బండి పరుగే పరుగు” అంటాడు మరిది. “డీజిలుకున్న లాగుడు దేనికొస్తుందీ” అంటారు బావగారు. కాఫీలు రెండుసార్లు అవుతాయి గాని వాదన తెగదు. తెగదెందుకంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాకపోతే ఇద్దరూ రెండు వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతున్నారు. ఆ వాదనకి నూట పాతికేళ్ళ చరిత్ర ఉంది. అందులో కొంత మన పిఠాపురం మీదుగానే నడిచింది.

ముందు తిరగలి దగ్గరికి వెళదాం. కందులు విసిరిన చేతులకి ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. పిడి పట్టుకుని తిప్పడానికి పెట్టే బలం ఒకటి. నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పామన్నది ఇంకొకటి. ఇంజన్ల భాషలో మొదటిది టార్క్, రెండోది ఆర్.పి.ఎం. ఈ రెండింటినీ కలిపి హెచ్చవేస్తే వచ్చేదే హార్స్ పవర్. మోతుబరి చెయ్యిగల పెద్దమ్మ తిరగలి నిండా గింజ పోసి నెమ్మదిగా తిప్పుతుంది. పదహారేళ్ళ పిల్ల గుప్పెడు గుప్పెడుగా పోస్తూ గిరగిరా తిప్పేస్తుంది. గంట గడిచేసరికి ఇద్దరి చాటల్లోనూ పప్పు సమానంగానే ఉండొచ్చు. కాని ఆ పిల్ల తిరగలిలో ఒక్కసారిగా నాలుగు దోసిళ్ళు పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? పెద్దమ్మ డీజిలు, పిల్ల పెట్రోలు అనుకోండి. మిగతా కథంతా ఇందులోనే ఉంది.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన పని 1897లో మొదలైంది. అదే ఏడాది జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు తన కొత్త ఇంజనును పరీక్షకి పెట్టాడు. సైకిలు పంపుతో గాలి కొడుతుంటే పంపు అడుగు భాగం వేడెక్కడం మనకి తెలుసు కదా. ఆయన కిటుకూ అదే. గాలిని విపరీతంగా అదిమితే అది మండేంత వేడెక్కుతుంది. అప్పుడు చమురు చిమ్మితే నిప్పురవ్వ అక్కర్లేకుండానే అంటుకుంటుంది. ఆ తొలి ఇంజను నిమిషానికి నూట యాభై పైచిలుకు చుట్లు మాత్రమే తిరిగింది. అయితేనేం, చమురులో ఉన్న శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలు అందులో సగానికైనా అందుకోవడం కష్టంగా ఉండేది. 1900లో పారిస్ ప్రదర్శనశాలలో ఒక చిన్న డీజిలు ఇంజనును వేరుశనగనూనెతో నడిపి చూపించారు. మన పోపునూనెతో నన్నమాట! పాపం, డీజిల్ దొర మాత్రం సుఖపడలేదు. 1913లో ఇంగ్లండు వెళ్ళే ఓడెక్కి, రాత్రికి రాత్రి మాయమయ్యాడు. తరువాత సముద్రంలో శవమై తేలాడు.

ఆయన ఇంజను మాత్రం మన పొలాల దాకా నడిచొచ్చింది. ఇంగ్లండులో లిస్టర్ కంపెనీవారు చేసిన ఒక ఇంజను బలం 6 హార్స్ పవర్, చుట్లు నిమిషానికి 650. దాని నకళ్ళు గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో తయారై దేశమంతా పాకాయి. కరెంటు ఊరూరా రాకముందు గోదావరి జిల్లాల్లో ధాన్యం మరలూ, పిండిమరలూ, చేల గట్ల మీద నీళ్ళ పంపులూ నడిచింది ఇలాంటి ఆయిలింజన్లతోనే. ఇంజను పక్కన పెద్ద చక్రం, ‘టక్, టక్’మని తీరిగ్గా ఊరంతా వినిపించే చప్పుడు. దాన్ని పరుగెత్తమని ఎవరూ అడగలేదు. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా ఆగకుండా లాగితే చాలు.

అయితే డీజిలుకి ఒక లోపం పుట్టుకతోనే ఉంది. చమురు నిదానంగా కాలుతుంది. అంత అదుముడికి తట్టుకోవాలి కనుక ఒళ్ళూ బరువే. గిరగిరా తిరగమంటే తిరగలేదు. మరి బలం పెంచడం ఎలా? దీనికి ఉపాయం చెప్పినవాడు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి. 1905లో పేటెంటు పుచ్చుకున్నాడు. పొయ్యి మండకపోతే ఊదుగొట్టంతో ఊదుతాం కదూ. ఆయనా అదే చేశాడు, కాకపోతే ఊదే పని ఎవరికీ పెట్టలేదు. ఇంజను వదిలేసే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దానికి జోడించిన ఇంకో చక్రం బయటి గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంది. ఎక్కువ గాలి ఉంటే ఎక్కువ చమురు కాలుతుంది. పొయ్యి తన పొగతో తానే ఊదుకోవడమన్నమాట. దీని పేరే టర్బో. 1920లలో ఇది ఓడల్లోకి ఎక్కింది.

పిఠాపురం వాళ్ళు టర్బో డీజిలును కార్లలో కంటే ముందు రైలు పట్టాల మీద చూశారు. మద్రాసు–హౌరా లైను మీదున్న ఊరు కదా. ఆవిరి ఇంజన్ల రోజులు వెనకబడ్డాక వచ్చిన డబ్ల్యు.డి.ఎం.–2 రైలింజన్లు మొదట 1962లో అమెరికా నుంచి వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. 16 సిలిండర్లు, టర్బో ఊపిరి, 2600 హార్స్ పవర్. ఇంత భీముడూ ఎంత జోరుమీదున్నా తిరిగేది నిమిషానికి 1000 చుట్లే. 1977లో మొదలైన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇలాంటి ఇంజను వెనకాలే ఈ స్టేషన్లో ఆగకుండా దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయేది. ఆ వేగం ఇంజను గిరగిరా తిరగడం వల్ల వచ్చింది కాదు, పట్టు వల్ల వచ్చింది.

ఇక పదహారేళ్ళ పిల్ల కథ. ఇది జపానులో మొదలవుతుంది. 1946లో యుద్ధం ముగిసి తిండికే కటకటగా ఉన్న రోజుల్లో సోయిచిరో హోండా వైర్‌లెస్ సెట్ల కోసం చేసిన చిన్న ఇంజనొకటి తెచ్చి సైకిలుకి బిగించాడు. దాన్ని తొలిరోజుల్లో తొక్కి చూసింది ఆయన భార్య సాచి. నా కష్టం చూడలేక చేశానని ఆయన నలుగురిలో చెప్పుకున్నా, ఆడవాళ్ళు నడపగలరో లేదో చూద్దామన్నదే అసలు ఉద్దేశమని ఆవిడ తరువాత నవ్వుతూ చెప్పింది. ఇంటికొచ్చేసరికి మంచి బట్టలన్నీ నూనె మరకలట! ఇది బాగాలేదని మొగుడికి మొహం మీదే చెప్పిందిట. పరీక్ష చేసినావిడ మాటకి ఉన్న విలువ అది.

ఆ హోండా కంపెనీకి పరుగు పిచ్చి. 1966 నాటికి వాళ్ళ 250 సి.సి. పందెపు మోటారు సైకిలు నిమిషానికి 18,000 చుట్లు తిరిగింది. కాని పందెపు ఇంజనుతో కూరలబజారుకి వెళ్ళలేం. నెమ్మదిగా పోతే నీలుగుతుంది. ఎందుకంటే ప్రతి సిలిండరుకీ గాలి లోపలికొచ్చే తలుపులు, పొగ బయటికెళ్ళే తలుపులు ఉంటాయి. వాటినే వాల్వులంటారు. గుండె సంగతి చెప్పేటప్పుడు మనం కవాటాలంటాం, కవాటమంటే తలుపే కదా. వేగంగా తిరిగేటప్పుడు తలుపులు బార్లా తెరవాలి, లేకపోతే ఊపిరాడదు. నెమ్మదిగా తిరిగేటప్పుడు కొంచెమే తెరవాలి, లేకపోతే లోపలికొచ్చిన గాలి నిలవదు. పాత ఇంజన్లలో తలుపు తెరుచుకునే తీరు ఒక్కటే. అటో ఇటో రాజీపడాల్సిందే.

ఇంట్లో మనమేం చేస్తాం? రోజూ వీధి తలుపు ఒక రెక్కే తీస్తాం. పెళ్ళినాడు రెండు రెక్కలూ తీస్తాం. 1989లో హోండా తన ఇంటెగ్రా కారులో చేసిందీ ఇదే. నెమ్మదికి ఒక వాటం, జోరుకి ఇంకో వాటం. చుట్లు పెరగగానే నూనె ఒత్తిడితో ఒక చిన్న మేకు జరిగి, తలుపులు ఎక్కువ తెరుచుకునే ఏర్పాటుకి కొక్కెం వేస్తుంది. దాని పేరు వీటెక్. 1.6 లీటర్ల ఇంజను టర్బో సాయమేమీ లేకుండా 7600 చుట్ల దగ్గర 160 హార్స్ పవర్ ఇచ్చింది. ఒకటి ఊదుగొట్టంతో ఊపిరి తెచ్చుకుంటే, రెండోది తలుపులు తీసి తెచ్చుకుంది.

మరి ఎవరు గొప్ప? పోలికకి మధ్యతరగతి ఇళ్ళకి బాగా తెలిసిన బండినే తీసుకుందాం. 2011లో వచ్చిన మారుతి స్విఫ్ట్ ఒకే ఒంటికి రెండు గుండెలతో అమ్మారు. మార్చుకునే వాల్వుల పెట్రోలు ఇంజను 6000 చుట్ల దగ్గర 87 హార్స్ పవర్ ఇచ్చేది, దాని టార్క్ 4000 చుట్ల దగ్గర 114. టర్బో డీజిలు 4000 చుట్ల దగ్గర 75 హార్స్ పవర్ ఇచ్చేది, దాని టార్క్ 2000 చుట్ల దగ్గరే 190. హార్స్ పవర్ చూస్తే పెట్రోలు గెలిచింది. పట్టు చూస్తే డీజిలు చాలా ముందుంది, అదీ సగం చుట్లలోనే.

ఇప్పుడు పిఠాపురం నుంచి అన్నవరం వెళ్ళండి. వ్రతం సామాను, అత్తగారు, ఇద్దరు పిల్లలు. కత్తిపూడి దాటేదాకా తేడా తెలియదు. రత్నగిరి ఘాట్‌రోడ్డు మీద మలుపు తిరిగి కొండెక్కేటప్పుడు తెలుస్తుంది. డీజిలు ఉన్న గేరులోనే గొణుక్కుంటూ ఎక్కేస్తుంది. పెట్రోలు బండి మొరాయిస్తుంది. అలాగని దానికి చాతకాదని కాదు. గేరు తగ్గించి ఇంజనును గట్టిగా అరవనిస్తే అదీ చకచకా ఎక్కుతుంది, ఒక్కోసారి డీజిలుని దాటిపోతుంది కూడా. గేరు చేసే పనే అది, చుట్లిచ్చి పట్టు తెచ్చుకోవడం. ఖాళీ రోడ్డు మీద పందెమైతే హార్స్ పవర్ ఎక్కువున్నదే గెలుస్తుంది. నలుగురినెక్కించుకుని మాటిమాటికీ గేరు మార్చకుండా పోవాలంటే టార్క్ గెలుస్తుంది. పందేల్లోనూ డీజిలు చేతులు ముడుచుకుని కూచోలేదు. 2006లో ఫ్రాన్స్‌లోని లమాన్స్ 24 గంటల పందెంలో ఆడి టర్బో డీజిలు గెలిచి, అది గెలిచిన మొదటి డీజిలు కారుగా నిలిచింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. డీజిలు పట్టుకి బిల్లు ఒకటుంది, దాన్ని కట్టేది బండివాడొక్కడే కాదు. డీజిలు పొగ క్యాన్సరు కారకమని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం తేల్చింది. 2014 అక్టోబరు దాకా ప్రభుత్వమే ధర అదుపులో ఉంచింది గనక మన లెక్కల్లో అది చవగ్గా కనిపించింది. 2020 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నియమాలొచ్చాయి. డీజిలు పొగ శుభ్రం చెయ్యడానికయ్యే ఖర్చు చిన్న కార్లు మోయలేనిదైంది. మారుతి డీజిలు కార్లు ఆపేసింది. పిఠాపురం మీదుగా పోయే రైళ్ళని అంతకు ఎంతో ముందే కరెంటు ఇంజన్లు అందుకున్నాయి. కరెంటు మోటారుకి కవాటాల్లేవు, ఊదుగొట్టం లేదు, మొదటి చుట్టులోనే పట్టు నిండుగా ఉంటుంది.

పెట్రోలు కార్లు టర్బోలూ నేర్చుకున్నాయి గనక అరుగు మీద వాదన ఇంకా సాగుతుంది. ఈసారి షోరూముకి వెళ్ళినప్పుడు రంగుల పుస్తకం పక్కనపెట్టి, ఇంజను వివరాల కాగితం అడిగి తీసుకోండి. హార్స్ పవర్, టార్క్ అని రెండు పెద్ద అంకెలుంటాయి. వాటి పక్కనే ఎన్ని చుట్ల దగ్గరో చెప్పే చిన్న అంకెలుంటాయి. అమ్మేవాళ్ళు వాటిని చదవరు, మీరు చదవండి. తరువాత, మేం నలుగురం అన్నవరం కొండెక్కి చూడాలి, ఒకసారి బండి ఇస్తారా అని అడగండి. స్టీరింగు దగ్గర మీరే కూచోండి.