రేకుల కింద బెరడు

ఆస్ట్రేలియాలో వసంతం ఉగాదితో రాదు, దసరాకి కాస్త ముందు వస్తుంది. విక్టోరియాలో బళ్ళకి అప్పుడే రెండు వారాల సెలవులు. ఓ ఏడు ఆ సెలవులకి కాసిల్‌మెయిన్ దగ్గర ఒక పాత కాటేజీలో దిగాం. పెరట్లో ఓ షెడ్డు పక్కకి ఒరిగి ఉంది. డెబ్భై దాటిన ఇంటాయన దాన్ని బాగుచేస్తున్నారు. ఊరికే చూస్తూ నిలబడలేక నేనూ సుత్తి అందుకున్నాను.

గోడల మీద రంపం తగిలిన గుర్తు లేదు. దుంగని నిలువునా చీల్చి తీసిన మందపాటి చెక్కల్ని, పైనా కిందా గాడి తీసిన దూలాల మధ్య వరసగా నిలబెట్టారు. సందుల్లో మట్టి మెత్తారు. ఇలాంటివాటిని ఇక్కడ స్లాబ్ హట్ అంటారు. మనకి స్లాబంటే కాంక్రీటు, వీళ్ళకి చెక్క!

పైన తుప్పు పట్టిన రేకులు. వాటి కథ లండన్‌లో మొదలైంది. 1829లో అక్కడి రేవుల్లో పనిచేసే హెన్రీ పామర్ అనే ఇంజనీరు ఇనప రేకుని అలలుగా వంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పల్చటి రేకుకి ఆ మడతలే బలం. 1837లో ఫ్రాన్సులో సోరెల్ అనే ఆయన ఇనుముకి జింకు పూత పెట్టే పద్ధతి కనిపెట్టాడు. 1851లో విక్టోరియాలో బంగారం బయటపడేసరికి జనం విరగబడి వచ్చారు. తలదాచుకునే చోటు లేదు. దాంతో ఇంగ్లండు నుంచి రేకులే కాదు, ఏకంగా ఇళ్ళే విడిభాగాలుగా ఓడలెక్కి వచ్చాయి. అలాంటి ఇనప ఇళ్ళు సౌత్ మెల్‌బోర్న్‌లోని కవెంట్రీ వీధిలో ఇప్పటికీ ఉన్నాయి. నేషనల్ ట్రస్టు వాటిని కాపాడుతోంది.

ఒక మూల రేకు ఊడదీస్తే, దాని కింద ఎండి వంకర్లు పోయిన చెట్టు బెరడు కనిపించింది. రేకులు రాకముందు కప్పు అదే. స్ట్రింగీబార్క్ లాంటి యూకలిప్టస్ చెట్టుకి పైనా కిందా గాటు పెట్టి, నిలువుగా ఒక కోత కోస్తే బెరడు చాపలా ఊడి వస్తుంది. అదీ వసంతంలో, వేసవిలో, చెట్టులో రసం పారే రోజుల్లోనే సులువుగా వస్తుంది. సెగ చూపించి, బరువు పెట్టి సాపు చేస్తారు.

బెరడు వాడకం వలస వచ్చినవాళ్ళు ఈ నేల మనుషుల దగ్గర నేర్చుకున్నదే. కాసిల్‌మెయిన్ ప్రాంతం జా జా వురుంగ్ ప్రజలది. ఆదివాసులు పడవకో, పాత్రకో కావలసినంత ముక్క ఒక పక్క నుంచే తీసుకునేవారు. చెట్టు బతికేది. మచ్చ మిగిలేది. మెల్‌బోర్న్ క్రికెట్ మైదానం పక్కన యర్రా పార్కులో అలాంటి మచ్చల చెట్లున్నాయి. మ్యాచికి వెళ్ళే మనవాళ్ళు ఈసారి ఒక్క నిమిషం ఆగి చూడండి. వలసవాళ్ళు మాత్రం కప్పు కోసం బెరడు చుట్టూతా ఒలిచారు. చుట్టూ ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది.

"పాత రేకులన్నీ పీకేసి కొత్తవి వేసేద్దామా?" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఈ రోజుల్లో దొరికే అల్యూమినియం, జింకు కలిసిన పూత రేకుల మీంచి వాన నీళ్ళు పాత జింకు రేకుల మీదకి జారితే అవి త్వరగా తుప్పు పడతాయట. అందుకని ఒట్టి జింకు పూత రేకులే వెతికి తెచ్చారు. అవీ చిల్లులు పడ్డ చోటుకే. పాత కట్టడాలు బాగుచేసేవాళ్ళకి ఇక్కడ బర్రా చార్టర్ అని ఒక పత్రం ఉంది. సౌత్ ఆస్ట్రేలియాలో పాత రాగి గనుల ఊరు బర్రాలో 1979లో ఆమోదించారు. అవసరమైనంత మటుకే ముట్టుకోండి, మిగతాది ఉన్నదున్నట్టు ఉంచండి అన్నది దాని సారాంశం. బెరడుని అలాగే ఉంచి, మీద రేకు బిగించాం.

నిచ్చెన దిగుతుంటే మా ఊళ్ళో గొడ్ల చావిడి గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కిందట బాబాయి ఫోన్ చేసి, "ఒరిగిపోతోందిరా, పడగొట్టేసి రేకుల షెడ్డు వేయిద్దామా?" అంటే, ఆఫీసు హడావిడిలో "సరే బాబాయ్" అనేశాను. తాటాకు ఎవరు కప్పేవారో, నిట్రాడు ఎవరు చెక్కారో ఒక్క మాటా అడగలేదు.

ఆ రాత్రే ఫోన్ చేశాను. "నిట్రాడా? కళ్ళంలో పడుందిరా, కూర్చోడానికి పనికొస్తోంది," అన్నాడు బాబాయి.

"ఎండావానా తగలకుండా లోపల పెట్టించు బాబాయ్. సంక్రాంతికి వస్తున్నా. దాని సంగతులన్నీ చెబుదువుగాని," అన్నాను.