వంటింటి దుబాసీలు

పాతతరం మగవాళ్లు భార్యను "ఫ్యామిలీ" అనడం మీరూ వినే ఉంటారు. "ఫ్యామిలీతో వచ్చావా?" అంటే పిల్లాజెల్లాతో వచ్చావా అని కాదు, భార్యను వెంటబెట్టుకొచ్చావా అని. మా తాతయ్య స్నేహితులు అలా మాట్లాడుకుంటుంటే మాకు నవ్వొచ్చేది. పెళ్లాం పేరు నలుగురిలో చెప్పలేక ఇంగ్లీషు మాట చాటున దాక్కుంటున్నారనుకునేవాళ్లం.

చాలా ఏళ్ల తర్వాత 'హాబ్సన్ జాబ్సన్' అనే పాత నిఘంటువు తిరగేస్తుంటే సరిగ్గా అదే మాట, అదే అర్థంతో కనబడింది. హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చగా 1886లో అచ్చయిన పుస్తకమది. అందులో 'బట్లర్ ఇంగ్లీష్' అనే మాట కింద మద్రాసు ప్రెసిడెన్సీలో దొరల ఇళ్ల నౌకర్లు మాట్లాడే ఇంగ్లీషు గురించి రాశారు. "చెప్తాను" అనడానికి "ఐ టెల్లింగ్", "చెప్పేశాను" అనడానికి "ఐ డన్ టెల్". భార్యకు "ఫ్యామిలీ". ఇదంతా వాళ్లకు తమాషాగా తోచింది. అన్నిటికంటే వింతగా తోచిన సంగతి ఇంకొకటి ఉంది. నౌకర్లే కాదు, దొరలు కూడా నౌకర్లతో ఈ భాషలోనే మాట్లాడేవారట.

ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్లు, తమ వంటవాడికి అర్థం కావాలని తమ భాషనే విరగ్గొట్టి మాట్లాడారన్నమాట. ఆ విరిగిన భాషను తయారుచేసింది ఎవరు? బడికి వెళ్లని బట్లరు, ఆయా, వంటవాడు. చెవితో విని, నోటితో తిప్పి, పని జరిగేటంత భాష తయారుచేసుకున్నారు. దానికి గురువు లేడు, పుస్తకం లేదు.

పుస్తకాలు వేరే పనులకు ఉండేవి. కంపెనీవారు 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టి, కొత్తగా వచ్చిన సివిల్ ఉద్యోగులకు తెలుగు, తమిళం నేర్పించారు. 1816లో ఎ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వచ్చింది. సి.పి. బ్రౌన్ మద్రాసులో తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టి 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన కథ మనందరికీ తెలిసిందే. శిస్తు వసూలు చేయాలి, కచేరీలో ఫిర్యాదు వినాలి కాబట్టి దొరకు తెలుగు రావాలి. ఆ దొరగారికి అన్నం వండిపెట్టే మనిషితో మాట్లాడ్డానికి మాత్రం ఏ కాలేజీ అక్కర్లేకపోయింది. ఆ బాధ్యత వంటవాడి మీద వేసి ఊరుకున్నారు.

అంతకుముందు కూడా ఇంతే. ఇంగ్లీషువాళ్లు మద్రాసులో కోట కట్టుకునేనాటికే ఈ తీరంలో పోర్చుగీసువాళ్లు పాతుకుపోయి ఉన్నారు. కొత్తగా వచ్చిన ఇంగ్లీషువాళ్లు కూడా నౌకర్లతో వచ్చీరాని పోర్చుగీసే మాట్లాడేవారు. 1698 నాటి కంపెనీ చార్టరులో, ఇక్కడికి వచ్చే మతగురువులు ఏడాదిలోగా పోర్చుగీసు నేర్చుకోవాలని షరతు పెట్టారు. ఆ కాలపు ముద్రలు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. అల్మారా, బొత్తాం, ఇస్త్రీ, మేస్త్రీ, ఆయా. ఇవన్నీ పోర్చుగీసు నుంచి వచ్చినవే. చూడండి, ఒక్కటీ పండితులు తెచ్చిన మాట కాదు. బట్టలు మడతపెట్టినవాళ్లు, గోడ కట్టినవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు రోజూ పలికితే మిగిలిన మాటలు. బయట వ్యాపారాల్లో రెండు భాషలు తెలిసినవాణ్ణి దుబాసీ అని పిలిచి గౌరవించి కమీషన్ ఇచ్చారు. ఇంట్లో అదే పని చేసిన ఆయాను దుబాసీ అని ఎవరూ అనలేదు.

దొరసానుల వైపు నుంచి చూడాలంటే 1888లో వచ్చిన ఒక పుస్తకం ఉంది. ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ కలిసి ఇండియాలో ఇల్లు నడిపే ఆడవాళ్ల కోసం రాశారు. వంటలు, లెక్కలు, నౌకర్ల పనులు, అన్నీ ఉంటాయి. ఇంటి యజమానురాలు నౌకరుకు అర్థమయ్యేలా పని చెప్పగలగాలి కాబట్టి హిందుస్తానీ నేర్చుకుని తీరాలని మొదట్లోనే చెబుతారు. ఇరవై ఏళ్లున్నా దేశభాషలో నాలుగు ముక్కలు పట్టుబడని దొరసానుల్ని మందలిస్తారు. ఇంతవరకూ నాకు ఆవిడ మీద గౌరవమే. కానీ నేర్చుకోవడం దేనికి అంటే, ఆజ్ఞ ఇవ్వడానికి. నౌకర్లను చిన్నపిల్లల్లా అదుపులో పెట్టాలన్న సలహా కూడా అదే పుస్తకంలో ఉంది. భాష నేర్చుకున్నా అందులో సగమే నేర్చుకున్నట్టు. తే, పో, కడుగు, త్వరగా చెయ్యి. ఎదుటి మనిషి తిరిగి చెప్పే మాట వినడానికి కావలసిన సగం ఇందులో లేదు.

ఇదంతా దొరల గొడవ, మనకేమిటి అనిపించవచ్చు. ఇప్పుడు సముద్రం దాటి రంగం వెళ్దాం. రంగూన్‌ని మన కోస్తావాళ్లు రంగం అనేవారు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి వేలాదిమంది ఓడెక్కి అక్కడికి కూలికి వెళ్లారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో బర్మాలో తెలుగువాళ్లందరికీ "కోరంగీలు" అనే పేరు పడిపోయింది. రేవులో మూటలు మోసింది, వడ్ల మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలు లాగింది ఎక్కువగా వీళ్లే. వీళ్లను తీసుకెళ్లింది మేస్త్రీలు. అదిగో, మళ్లీ ఆ పోర్చుగీసు మాట.

1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో ఉన్న సుమారు 4 లక్షల మందిలో సగానికి పైగా భారతీయులే. అందుచేత బజారులో నడిచే భాష హిందుస్తానీ అయింది. రిక్షా ఎక్కే బర్మా ఆవిడకు అది సొంత భాష కాదు, లాగే తెలుగువాడికీ కాదు. బేరం కుదిరేది, బండి కదిలేది, డబ్బులు చేతులు మారేవి. అంతకుమించి ఒకరి సంగతి ఒకరికి తెలిసేది కాదు. అక్కడ ఉద్యోగం చేసిన జె.ఎస్. ఫర్నివాల్ అనే ఆయన ఇలాంటి సమాజం గురించి 1948లో ఒక పుస్తకం వేశాడు. రకరకాల జనం పక్కపక్కనే ఉంటారు, బజారులో మాత్రమే కలుస్తారు, ఒకరిలో ఒకరు కలవరు అన్నది ఆయన మాటల సారం.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె చేశారు. వాళ్ల బదులు బర్మావాళ్లను పనిలోకి తీసుకున్నారు. రాజీ కుదిరి మనవాళ్లు మళ్లీ పనిలోకి రాగానే బర్మావాళ్లను పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలై నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది భారతీయులు. దీనికి కారణం భాష అని నేను అనను. కారణం కూలి, ఆ కూలీలను ఒకరి మీదికి ఒకరిని తోలిన ఓడల కంపెనీల లెక్కలు. కానీ ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో ఉన్న ఆ రెండు జట్లకు కూర్చుని మాట్లాడుకునేంత భాష ఉమ్మడిగా లేదు. బేరానికి సరిపోయిన హిందుస్తానీ ఆరోజు దేనికీ సరిపోలేదు. 1942లో జపాను సేనలు వచ్చాక లక్షలమంది నడిచీ, ఓడలెక్కీ వెనక్కొచ్చేశారు.

రంగం దారి మూసుకుపోయాక కొన్ని దశాబ్దాలకు గల్ఫ్ దారి తెరుచుకుంది. ఈసారి ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లారు. గోదావరి జిల్లాల నుంచి, బ్రౌన్ ఉద్యోగం చేసిన ఆ కడప నుంచి, కువైట్ ఇళ్లలో పనికి. అరబ్బీలో అ కూడా తెలియకుండా విమానమెక్కినవాళ్లే ఎక్కువ. అక్కడ పనివాళ్లకూ యజమానులకూ మధ్య పుట్టిన భాష మీద 1990 ప్రాంతం నుంచి భాషావేత్తలు వ్యాసాలు రాస్తున్నారు. దాన్ని గల్ఫ్ పిడ్జిన్ అంటారు. అరబ్బీ క్రియల మెలికలన్నీ ఊడిపోయి, "ఫీ" అంటే ఉంది, "మాఫీ" అంటే లేదు, ఇలా రెండు మూడు ముక్కలతో బండి నడుస్తుంది. మన "సీదా" కూడా అందులో దూరింది. అరబ్బు యజమానులు కూడా పనివాళ్లతో ఈ విరిగిన అరబ్బీలోనే మాట్లాడతారు. మద్రాసు బట్లరు కథ నూరేళ్ల తర్వాత కువైట్ వంటింట్లో మళ్లీ జరిగింది.

మా పుట్టింటి ఊళ్లో పదకొండేళ్లు కువైట్‌లో చేసొచ్చిన ఒక అక్క ఉంది. "మాఫీ అంటే మనూళ్లో అప్పు రద్దు. అక్కడ ఏదడిగినా మాఫీ. సెలవు మాఫీ, ఫోను మాఫీ" అని నవ్వుతూ చెబుతుంది. ఒకటి మాత్రం నవ్వకుండా చెప్పింది. "మూడు నెలల్లో ఇల్లంతా తిప్పేంత భాష వచ్చేసిందమ్మా. కడుపులో నొప్పొస్తే మాత్రం చెప్పలేకపోయా. ఆ మాట నాకెవరూ నేర్పలా. వాళ్లకి దాంతో పనేముంది?"

ఇంటి పనివాళ్ల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒక ఒప్పందం తెచ్చింది. జీతం, పనిగంటలు, సెలవులు, ఈ షరతులన్నీ పనికి వచ్చే మనిషికి తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పాలని అందులో ఉంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. వెళ్లేవాళ్లు మనవాళ్లు, వచ్చినవాళ్లను పనిలో పెట్టుకునేదీ మనమే కాబట్టి, ఆ ఒప్పందం మనకు రెండువైపులా అవసరమే.

అవును, ఇప్పుడు పనిలో పెట్టుకునేవాళ్లం కూడా మనమే. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ చూస్తే చాలు. టైల్స్ వేసేవాళ్లు రాజస్థాన్ నుంచి, సెలూన్ అబ్బాయి ఉత్తరప్రదేశ్ నుంచి, కింద టిఫిన్ సెంటర్‌లో దోసెలు పోసే కుర్రాళ్లు ఒడిశా నుంచి. నాలుగు ఇళ్లలో పనిచేసే అమ్మాయి కూడా ఒడిశానే. వీళ్లు మనతో మాట్లాడేది హిందీలో. అది చాలామందికి వాళ్ల ఇంటి భాషా కాదు, మన ఇంటి భాషా కాదు. రంగూన్ రిక్షా బేరం లాంటిదే.

ఆ అమ్మాయి ఒకరోజు పొద్దున్నే పైఅంతస్తు పిన్నిగారింట్లో అంట్లు తోముతూ తల పట్టుకుని "ముండ, ముండ" అందట. పిన్నిగారు అగ్గిమీద గుగ్గిలం. భర్త పోయి రెండేళ్లే అయింది ఆవిడకు. తననే అంతమాట అన్నదని చీపురు లాక్కుని బయటికి పంపేశారు. ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి ఏడుపు. టిఫిన్ సెంటర్ కుర్రాడు వచ్చి చెప్పేదాకా సంగతి తేలలేదు. ఒడియాలో "ముండ" అంటే తల. తలనొప్పిగా ఉంది అని చెప్పుకుంది పాపం, అంతే. జ్వరం కూడా ఉంది.

తమాషా ఏమిటంటే రెండు మాటల మూలం ఒక్కటే. సంస్కృతంలో ముండమంటే గొరిగిన తల. ఒడియావాళ్లు తల ఉంచుకున్నారు. మనవాళ్లు భర్త పోయిన ఆడదాని తల గొరిగించి, దాన్నే ఆవిడ పేరు చేసి, ఆ తర్వాత తిట్టు చేశారు. ఒక్క మాటలో ఇద్దరు ఆడవాళ్ల కష్టం ఉంది. ఆరోజు ఇద్దరూ ఏడ్చారు. సాయంత్రానికి పిన్నిగారే పారాసెటమాల్, పాలు తీసుకుని కిందికి దిగారు.

ఇన్ని కాలాల కథ చదివాక నాకొకటి అర్థమైంది. పని చేయించుకోవడానికి కావలసిన భాష ఎప్పుడూ ఎలాగోలా పుడుతుంది. దాన్ని పనిచేసేవాళ్లే పుట్టిస్తారు. బట్లరు పుట్టించాడు, కోరంగీ పుట్టించాడు, కువైట్ అక్క పుట్టించింది. అలా పుట్టని మాటలు కొన్ని ఉన్నాయి: నొప్పి, సెలవు, జీతం బాకీ, నాకిది ఇష్టం లేదు. ఇవి పనిచెప్పేవాళ్లకు అక్కర్లేని మాటలు. అందుకే ఎవరూ నేర్పరు. నేర్చుకునే బాధ్యత మనది.

మా ఫ్లోరులో ఇప్పుడు నలుగురం ఆ అమ్మాయి దగ్గర ఒడియా మాటలు నేర్చుకుంటున్నాం. పిన్నిగారు మా అందరికంటే ముందున్నారు. "ముండ బింధుచ్ఛి కి?" అంటే తలనొప్పిగా ఉందా అని. మొదటిసారి ఆవిడ అది పైకి అనడానికి నోరు రాక అవస్థపడ్డారు. ఇప్పుడు మెట్ల మీద నుంచే గట్టిగా అడుగుతున్నారు. కొత్తగా ఎవరైనా తెలుగువాళ్లు లిఫ్టులో ఉంటే మాత్రం ఒకసారి ఉలిక్కిపడుతున్నారు.